ముందు పని, ఆ తర్వాతే పరీక్ష

నెట్‌వర్కింగ్, సైబర్ సెక్యూరిటీ వైపు వెళ్లాలనుకునే తెలుగు కుర్రకారు అడిగే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే: ‘‘ఏ సర్టిఫికేషన్ చేస్తే ఉద్యోగం వస్తుంది?’’ అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి అడిగినా ఇదే, జర్మనీలోని పాడర్‌బోర్న్ యూనివర్సిటీ క్యాంటీన్‌లో కూర్చుని అడిగినా ఇదే. తిరకాసంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పరీక్ష పేరు ముందు తేల్చుకుని, దానికి తగ్గ ఉద్యోగం తర్వాత వెతుక్కునేవాళ్లు డబ్బూ పోగొట్టుకుంటారు, ఏడాదీ పోగొట్టుకుంటారు. ముందు పని తేల్చుకోండి. ఏ పరీక్ష రాయాలో, ఎప్పుడు రాయాలో ఆ పనే చెబుతుంది.

పాడర్‌బోర్న్ నేర్పే పాఠం

పాడర్‌బోర్న్ పెద్ద నగరమేమీ కాదు. ఊరి నడిబొడ్డున, కెథడ్రల్ చుట్టుపక్కల, రెండు వందలకు పైగా ఊటల్లో పుట్టే పాడర్ నది నాలుగు కిలోమీటర్లు పారి మరో నదిలో కలిసిపోతుంది. అంత చిన్న నది ఒడ్డున ఉన్న ఊరు జర్మనీ కంప్యూటర్ చరిత్రలో మాత్రం పెద్ద పేరు. కారణం హైన్జ్ నిక్స్‌డార్ఫ్. 1925లో ఇక్కడే పుట్టారు. ఫిజిక్స్ చదువు మధ్యలోనే ఆపేసి, 1952లో ఎస్సెన్ నగరంలో ఒక విద్యుత్ కంపెనీ కోసం ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రం తయారుచేసే పని పట్టి, సొంత కంపెనీ మొదలుపెట్టారు. తర్వాత సొంత ఊరికి వచ్చి దాన్ని పెంచారు. 1986లో ఆయన కన్నుమూసేనాటికి ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు 20 వేలకు పైమాటే.

ఆయన విజయ రహస్యం డిగ్రీ వదిలేయడం కాదు, అలా ఎవరూ అపార్థం చేసుకోకూడదు. గదుల నిండా పట్టే భారీ కంప్యూటర్లు కొనలేని చిన్న, మధ్యతరహా సంస్థలకు ఏం కావాలో ఆయన ముందుగా కనిపెట్టారు. లెక్కలు రాసే గుమస్తా బల్ల దగ్గరికే కంప్యూటర్‌ను తెచ్చారు. ఎవరికి ఏ పని కావాలో చూశాకే యంత్రం తయారుచేశారు. మీ కెరీర్‌కు కూడా ఇదే వరస: ఎవరికి ఏ పని కావాలి, అందులో నేను ఏది చేయగలను, దానికి ఏ నైపుణ్యం కావాలి, ఆ నైపుణ్యాన్ని ఏ పరీక్ష రుజువు చేస్తుంది. సర్టిఫికెట్ నాలుగో ప్రశ్నకు జవాబు. దాన్ని మొదటి ప్రశ్నకు జవాబుగా రాస్తే మార్కులు పడవు.

నాలుగు పనులు, నాలుగు దారులు

‘సెక్యూరిటీ’ అనేది ఒక్క ఉద్యోగం పేరు కాదు. కనీసం నాలుగు వేర్వేరు జీవితాలు అందులో ఉన్నాయి.

మొదటిది, కట్టేవాళ్లు. స్విచ్‌లు, రూటర్లు, ఫైర్‌వాల్స్ అమర్చడం, అవి ఆగితే అర్ధరాత్రైనా లేచి చూడడం. ఏదైనా పాడైతే దాన్ని విప్పి చూసేదాకా నిద్రపట్టని మనిషికి ఈ పని సరిపోతుంది. దారి: సిస్కో సీసీఎన్ఏ, ఆ తర్వాత సీసీఎన్‌పీ లేదా ఫోర్టినెట్, పాలో ఆల్టో వంటి ఫైర్‌వాల్ కంపెనీల సర్టిఫికేషన్లు.

రెండోది, కాపలా కాసేవాళ్లు. సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో కూర్చుని లాగ్స్ చదవడం, వేల హెచ్చరికల్లో నిజమైన ఒక్కదాన్ని పట్టుకోవడం. షిఫ్టులు ఉంటాయి, ఓపిక కావాలి. దారి: కంప్‌టియా సెక్యూరిటీ ప్లస్, ఆ తర్వాత అదే సంస్థ ఇచ్చే సైసా ప్లస్ (CySA+).

మూడోది, దాడి చేసి చూపేవాళ్లు. యజమాని అనుమతితో అతని సిస్టమ్‌లోకి చొరబడి, ఎక్కడ తలుపు తెరిచి ఉందో రాసి ఇవ్వడం. సినిమాల పుణ్యమా అని అందరి కళ్లూ దీని మీదే. కానీ ఇందులో సగం పని రిపోర్టు రాయడమే. ఆఫ్‌సెక్ సంస్థ ఓఎస్‌సీపీ పరీక్షనే చూడండి. 23 గంటల 45 నిమిషాలు మెషీన్లతో పోరాడాక, రిపోర్టు రాయడానికి మరో 24 గంటలు ఇస్తారు. రాయడం చేతకాని హ్యాకర్‌కు అక్కడ పాస్ లేదు.

నాలుగోది, లెక్క అడిగేవాళ్లు. కంపెనీ నియమాలు పాటిస్తోందా, ప్రమాదం ఎక్కడుంది, ఎవరు బాధ్యులు అని తేల్చే ఆడిట్, గవర్నెన్స్ పనులు. దారి: ఐఎస్ఓ 27001 ప్రమాణం, సీసా (CISA), సిసమ్ (CISM), సీఐఎస్ఎస్‌పీ (CISSP) సర్టిఫికేషన్లు. జర్మనీలో దీనికి తోడు, సమాచార భద్రతకు అక్కడి కేంద్ర సంస్థ అయిన బీఎస్ఐ తయారుచేసిన ఐటీ గ్రుండ్‌షుట్జ్ పద్ధతి తెలియాలి. మాట్లాడడం, రాయడం, ఎదుటివాళ్లను ఒప్పించడం వచ్చినవాళ్లకు ఇది గొప్ప దారి.

ఈ నాలుగింటిలో మీది ఏదో తేల్చుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదు. ఒక్కో పనిని వారం చొప్పున చేసి చూడండి. మొదటి వారం ప్యాకెట్ ట్రేసర్ సిమ్యులేటర్‌లో చిన్న నెట్‌వర్క్ కట్టండి, అది ఉచితమే. రెండో వారం వైర్‌షార్క్ టూల్ పెట్టి మీ సొంత ల్యాప్‌టాప్ నుంచి వెళ్లే ప్యాకెట్లు చదవండి. మూడో వారం నేర్చుకునేవాళ్ల కోసమే తయారుచేసిన బలహీనమైన వర్చువల్ మెషీన్‌పై ప్రయత్నించండి. నాలుగో వారం మీరు ఉంటున్న ఫ్లాట్‌లోని వైఫైకి ఉన్న ప్రమాదాలు, వాటికి విరుగుడు రెండు పేజీల్లో రాయండి. ఏ వారం టైమ్ తెలియకుండా గడిచిందో అదే మీ దారి.

ఉట్టికెక్కకుండా స్వర్గానికా?

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, పేరు పెద్దదని పై మెట్టు మీదికి దూకడం. సీఐఎస్ఎస్‌పీ 1994 నుంచి ఉన్న, ప్రపంచమంతా గౌరవించే సర్టిఫికేషన్. దానికి ఐదేళ్ల పని అనుభవం కావాలి. సంబంధిత డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే ‘అసోసియేట్’ అంటారు తప్ప ఆ పూర్తి బిరుదు వాడుకోనివ్వరు. ఇంకా ఒక్క స్విచ్ కూడా ముట్టుకోనివాళ్లు దానికి పుస్తకం పట్టుకుంటే, ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నట్టే.

మొదటి మెట్టుకు రెండు మంచి ఎంపికలున్నాయి. కట్టే పని ఇష్టమైతే నేరుగా సీసీఎన్ఏ. 2020 ఫిబ్రవరి నుంచి ఇది 200-301 అనే ఒకే పరీక్షగా నడుస్తోంది. సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ మూలసూత్రాలకు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసులకు, ఆటోమేషన్‌కు చెరో 10. ఈ కొలతలే మీ టైమ్‌టేబుల్. వారంలో చదివే గంటలను ఇదే నిష్పత్తిలో పంచుకోండి.

కాపలా కాసే పని ఇష్టమైతే సెక్యూరిటీ ప్లస్. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900కు 750 వస్తే పాస్. దానికి ముందు నెట్‌వర్క్ ప్లస్ రాయాలని నిబంధన లేదు. కానీ ఆ పాఠాలు చదవకుండా వెళ్లొద్దు. ప్యాకెట్ ఎలా నడుస్తుందో తెలియనివాడికి, అది దారి తప్పినప్పుడు ఏం తెలుస్తుంది? నెట్‌వర్కింగ్ రాకుండా సెక్యూరిటీ రాదు. నాలుగు దారుల్లో ఏది పట్టుకున్నా ఈ మాట మారదు.

డంప్స్‌తో పాసైతే?

నిక్కచ్చిగా మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. పరీక్ష ప్రశ్నలు దొంగతనంగా అమ్మే ‘డంప్స్’ మన దగ్గర ఎంత మామూలైపోయాయో అందరికీ తెలుసు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్లీ రాయకుండా నిషేధం పడుతుంది. పట్టుబడకపోయినా ఇంటర్వ్యూలో దొరికిపోతారు. ఎలాగో చూడండి.

ఇంటర్వ్యూ చేసే మనిషి కాగితం మీద ఒక స్విచ్ గీసి, రెండు కంప్యూటర్లు కలిపి, చిరునామాలు రాస్తారు: 192.168.10.70, 192.168.10.130. రెండింటికీ మాస్క్ /26. ‘‘ఇవి ఒకదాన్నొకటి పింగ్ చేస్తాయా?’’

బట్టీపట్టినవాళ్లు ‘‘ఒకే స్విచ్ మీదున్నాయి కదండీ, చేస్తాయి’’ అంటారు. లేదా ‘‘చేయవు’’ అని సరైన జవాబే చెప్పి, ‘‘ఎందుకు?’’ అనగానే తడబడతారు. పని తెలిసినవాళ్లు పెన్ను అందుకుంటారు. /26 అంటే 64 చిరునామాల చొప్పున ముక్కలు. 64 నుంచి 127 వరకు ఒక ముక్క, 128 నుంచి 191 వరకు మరొకటి. 70 మొదటి దాంట్లో ఉంది, 130 రెండో దాంట్లో ఉంది. కాబట్టి 70 తన పక్కనే వైరుతో కలిసి ఉన్న 130ని నేరుగా పిలవదు. గేట్‌వే ఎవరని ఏఆర్‌పీ ద్వారా అడుగుతుంది. గేట్‌వే లేకపోతే ప్యాకెట్ బయటికే రాదు. మధ్యలో రూటర్ పెడితేనో, మూడో పొర స్విచ్ ఉంటేనో మాట్లాడుకుంటాయి.

ఆ ఇంటర్వ్యూ అక్కడితో ఆగదు. ‘‘మరి కావాలనే ఇలా విడదీస్తే లాభమేంటి?’’ అని అడుగుతారు. ఒక ముక్కలోకి వైరస్ వస్తే రెండో ముక్కలోకి పోవడానికి గేట్‌వే దాటాలి, అక్కడ ఫైర్‌వాల్ ఆపగలదు అని చెప్పగలిగితే మీరు నెట్‌వర్కింగ్ నుంచి సెక్యూరిటీలోకి నడిచినట్టే. ఇలాంటి ఐదు నిమిషాల సంభాషణ ఏ డంప్‌లోనూ దొరకదు. చేత్తో కట్టి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసినవాళ్లకే వస్తుంది.

ఉన్న ఊరిని చదవండి

సర్టిఫికేషన్ల జాబితాలన్నీ ప్రపంచానికంతటికీ ఒకేలా ఉంటాయి. ఉద్యోగాలు మాత్రం ఏ ఊరికా ఊరుగా ఉంటాయి. పాడర్‌బోర్న్ చుట్టూ ఒక్కసారి చూడండి. నిక్స్‌డార్ఫ్ వారసత్వంగా మిగిలిన డీబోల్డ్ నిక్స్‌డార్ఫ్ ఏటీఎంలు, షాపుల బిల్లింగ్ యంత్రాల సంస్థ. 1988లో మొదలైన డీస్పేస్ సంస్థ కార్ల ఎలక్ట్రానిక్స్‌ను పరీక్షించే వ్యవస్థలు చేస్తుంది. ఈ ప్రాంతంలోనే బ్లోమ్‌బెర్గ్‌లో ఫీనిక్స్ కాంటాక్ట్, డెట్‌మోల్డ్‌లో వైడ్‌ముల్లర్, ఫెర్ల్‌లో బెకాఫ్ ఉన్నాయి. అన్నీ ఫ్యాక్టరీ ఆటోమేషన్ కంపెనీలు.

దీని అర్థం ఏమిటి? ఇక్కడి నెట్‌వర్క్ అంటే ఆఫీసు కంప్యూటర్లొక్కటే కాదు, ఫ్యాక్టరీలో తిరిగే యంత్రాలు కూడా. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు అప్‌డేట్ వస్తే రీస్టార్ట్ చేస్తాం. రాత్రింబవళ్లు నడిచే ప్రొడక్షన్ లైన్‌ను అలా ఆపలేం. పదిహేనేళ్ల నాటి కంట్రోలర్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, దానికి కొత్త ప్యాచ్ రాదు. అప్పుడు రక్షణ ఏమిటి? పైన చెప్పిన విభజనే. ఏ యంత్రం ఎవరితో మాట్లాడవచ్చో గీత గీయడం. ఈ రంగానికి ఐఈసీ 62443 అనే ప్రమాణం ఉంది. సీసీఎన్ఏ స్థాయి నెట్‌వర్కింగ్‌కు దీన్ని జోడిస్తే, ఈ చుట్టుపక్కల కంపెనీలకు మీరు వందమందిలో ఒకరుగా కాక, కావలసిన మనిషిగా కనిపిస్తారు.

చట్టాలు కూడా మీ వైపే ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ ఎన్ఐఎస్ 2 ఆదేశం ప్రకారం వేలాది సంస్థలు సెక్యూరిటీని పై అధికారుల బాధ్యతగా తీసుకోవాలి. 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సైబర్ రెసిలియన్స్ చట్టం, సాఫ్ట్‌వేర్ ఉన్న ఉత్పత్తులు అమ్మేవాళ్లు భద్రతకు జవాబుదారీ కావాలంటోంది. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. 

పాడర్‌బోర్న్ యూనివర్సిటీలో చదివేవాళ్ల సంగతి సరేసరి. ఇక్కడ సిస్టమ్ సెక్యూరిటీ ప్రొఫెసర్ యురాయ్ సొమొరోవ్‌స్కీ, 2016లో బయటపడిన ‘డ్రౌన్’ దాడిని కనుగొన్న బృందంలో ఒకరు. ఎప్పుడో వదిలేయాల్సిన పాత ఎస్ఎస్ఎల్ 2 ప్రొటోకాల్ సర్వర్‌లో మిగిలిపోతే, అదే తాళంచెవి వాడే కొత్త కనెక్షన్లను కూడా ఛేదించవచ్చని ఆ పరిశోధన చూపింది. ‘పాత ప్రొటోకాల్స్ ఆపేయాలి’ అని సెక్యూరిటీ ప్లస్ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం వెనకున్న ‘ఎందుకు’ మీ క్లాసురూములోనే దొరుకుతుంటే, దాన్ని వదిలేసి మరో సర్టిఫికెట్ కోసం పరుగెత్తడం న్యాయం కాదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకూ ఇదే సూత్రం. రిజర్వ్ బ్యాంక్ 1996లో నెలకొల్పిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ మీ ఊళ్లోనే ఉంది. దేశంలోని ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004లో అక్కడే మొదలైంది. బ్యాంకింగ్ సెక్యూరిటీ, ఆడిట్ పనులు మీ గుమ్మం ముందే ఉన్నాయి. ఎవరి చుట్టూ ఏ పని ఉందో వాళ్లు అది చూసుకోవాలి.

డబ్బు లెక్క ముందే వేసుకోండి

జర్మనీ వచ్చే విద్యార్థి వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, 2025 లెక్క ప్రకారం, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే నెలకు 992. ఆ డబ్బు వెనక అమ్మానాన్నల కష్టమో, బ్యాంకు అప్పో ఉంటుంది. సీసీఎన్ఏ పరీక్ష ఫీజు సుమారు 300 డాలర్లు, పైన పన్ను. అంటే మీ నెల ఖర్చులో దాదాపు మూడో వంతు. ఓఎస్‌సీపీ కోర్సూ పరీక్షా కలిపి 1,700 డాలర్ల పైమాటే, నెలన్నర బతుకు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఏడాదికి మూడు పరీక్షలు రాయాలనుకోరు.

కొన్న తర్వాత ఖర్చు కూడా ఉంది. సీసీఎన్ఏ, సెక్యూరిటీ ప్లస్ రెండూ మూడేళ్లకు గడువు తీరిపోతాయి. తెలివిగా వరస పెట్టుకుంటే పై మెట్టే కింది మెట్టును నిలబెడుతుంది. సీసీఎన్‌పీ స్థాయి పరీక్ష ఒకటి పాసైతే సీసీఎన్ఏ గడువు పెరుగుతుంది. సెక్యూరిటీ ప్లస్ పాసైతే ముందు తీసుకున్న నెట్‌వర్క్ ప్లస్ కూడా కొత్తదవుతుంది. అటొకటి ఇటొకటి పోగేసుకుంటే మాత్రం అన్నీ విడివిడిగా గడువు తీరిపోతుంటాయి.

సర్టిఫికెట్ పక్కన నిలబడేవి

జర్మన్ భాష. క్లాసులు ఇంగ్లిష్‌లో జరుగుతాయి కాబట్టి దీన్ని వాయిదా వేసేవాళ్లు చాలామంది. ఫ్యాక్టరీలో లైన్ ఆగినప్పుడు మెకానిక్ ఇంగ్లిష్‌లో ఫోన్ చేయడు. ఆడిట్ రిపోర్టు యాజమాన్యం చదివేది జర్మన్‌లోనే. మధ్యతరహా కంపెనీల్లో బీ2 స్థాయి జర్మన్ ఒక పెద్ద సర్టిఫికేషన్‌తో సమానమని గట్టిగా చెబుతాను. రోజూ గంట దానికి కేటాయించండి.

వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగం. చదువుకుంటూ సెమిస్టర్‌లో వారానికి 20 గంటల వరకు కంపెనీలో పనిచేసే అవకాశమిది. హెల్ప్‌డెస్క్ పనైనా చిన్నచూపు చూడొద్దు. మానేసేటప్పుడు మీ పనితీరు రాసిచ్చే ఆర్బైట్స్‌ట్సోయిగ్నిస్ అడిగి తీసుకోండి. అది ఉద్యోగి హక్కు. తర్వాతి యజమాని దాన్ని అక్షరం అక్షరం చదువుతాడు.

సొంత ల్యాబ్. పాత స్విచ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనండి, లేదా ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. ఏం కట్టారో, ఏం చెడిందో, ఎలా కనుక్కున్నారో ప్రతిసారీ ఒక పేజీ రాయండి. ఇంటర్వ్యూకు ఆ పేజీలే మీ సాక్ష్యం.

నిజాయితీ. హాస్టల్ వైఫైని, యూనివర్సిటీ నెట్‌వర్క్‌ను, పక్కవాడి రూటర్‌ను సరదాకైనా స్కాన్ చేయొద్దు. అనుమతి లేకుండా ఇతరుల డేటాలోకి చొరబడడం జర్మనీలో నేరం. దానికోసం టూల్స్ సిద్ధం చేసుకోవడాన్ని కూడా 2007 నుంచి శిక్షాస్మృతి నేరంగా చూస్తోంది. భారతదేశంలో 2000 నాటి ఐటీ చట్టం కూడా దీన్ని ఊరుకోదు. తాళాలు తీయడం నేర్చినవాడి మీద నమ్మకం ఒక్కసారి పోతే ఏ సర్టిఫికెట్టూ దాన్ని తిరిగి తేలేదు.

ఒక ఏడాది ఇలా నడపండి

మొదటి నెల: నాలుగు పనులూ రుచి చూడండి, ఒకటి ఎంచుకోండి. మీరు ఉండదలచిన ప్రాంతంలోని ఇరవై ఉద్యోగ ప్రకటనలు కూర్చుని చదవండి. ఏ నైపుణ్యం ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టండి. ఎక్కువ గీతలు పడిందే మీ సిలబస్.

రెండు నుంచి ఆరో నెల: ఒక్కటే సర్టిఫికేషన్. రోజుకు గంటన్నర, అందులో సగం ల్యాబ్. చదవడం మొదలుపెట్టిన రెండు నెలలకు పరీక్ష తేదీ బుక్ చేసేయండి. తేదీ లేని చదువు సాగుతూనే ఉంటుంది.

ఏడు నుంచి తొమ్మిదో నెల: కొత్త పరీక్ష వద్దు. వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగానికో, ఇంటర్న్‌షిప్‌కో దరఖాస్తులు పంపండి. నేర్చుకున్నదాన్ని ఎవరికైనా నేర్పండి. జూనియర్‌కు సబ్‌నెట్టింగ్ చెప్పగలిగారంటే మీకు వచ్చినట్టే.

పది నుంచి పన్నెండో నెల: పనిలోకి దిగాక ఏది తెలియక ఆగిపోతున్నారో రాసుకోండి. రెండో సర్టిఫికేషన్‌ను ఆ కాగితమే నిర్ణయిస్తుంది. ఫ్రెండ్ చేశాడని, యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని నిర్ణయించకండి.

సీసీఎన్ఏ ఒక్కటే ఉండి, దాని వెనక పాతిక పేజీల ల్యాబ్ నోట్సు, పనిచేసిన కంపెనీ రాసిచ్చిన మంచి మాట, తడబడకుండా మాట్లాడే జర్మన్ ఉన్న మనిషి, ఆరు బ్యాడ్జీలు తగిలించుకుని ఒక్క ‘ఎందుకు’కూ జవాబు లేని మనిషి కంటే ఎప్పుడూ ముందుంటాడు. ఇది అదృష్టానికి సంబంధించిన విషయం కాదు, వరసకు సంబంధించింది. ఆ వరస మీ చేతుల్లోనే ఉంది. పరీక్ష వెబ్‌సైట్లన్నీ మూసేయండి. ఇవాళే ఒక కాగితం మీద ‘నేను చేయదలచుకున్న పని’ అని రాసి, కింద ఒకే ఒక్క వాక్యం పూర్తి చేయండి. ఆ వాక్యం తేలేదాకా ఏ ఫీజూ కట్టొద్దు. తేలాక ఒక్క రోజు కూడా ఆగొద్దు.